స్లాబ్ మీద గ్రేడ్ ఉంది, మరి ధర ఎలా తెలుసుకోవాలి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్తాను. పెదనాన్న గారు పోయాక ఆయన దాచుకున్న ఐదు అమెరికన్ నాణేలు మీ చేతికొచ్చాయి. ఐదూ గ్రేడింగ్ కంపెనీల ప్లాస్టిక్ స్లాబ్‌లలోనే ఉన్నాయి, అంటే నాణెం స్థితిని పరిశీలించి గ్రేడ్ రాసి సీల్ చేసిన పెట్టెల్లో. మీరు ఆన్‌లైన్ ప్రైస్ గైడ్‌లో ఐదింటి ధరలూ చూసి కూడుకున్నారు. ఒక డీలర్‌కి చూపిస్తే ఆ మొత్తంలో సగమే ఇస్తానన్నారు. గైడ్ తప్పా, డీలర్ మోసం చేస్తున్నారా, అసలు విలువ ఎంత అన్నది మీ టెన్షన్.

గైడ్ అబద్ధం చెప్పలేదు. డీలర్ మోసం చేస్తున్నారని కూడా ఇప్పుడే అనలేం. కానీ ఆ రెండు అంకెల్లో ఏదీ మీ నాణేల విలువ కాదు. అదే నాణెం, అదే గ్రేడ్‌లో, ఈ మధ్య కాలంలో నిజంగా ఎంతకు అమ్ముడైందో అదే విలువ. అందులోంచి అమ్మడానికి అయ్యే ఖర్చు తీసేస్తే మిగిలేది మీ చేతికొచ్చే డబ్బు. ఇంకో మాట, ఐదు నాణేలకూ కలిపి ‘సగం’ అనే ఒకే లెక్క ఎప్పుడూ సరైనది కాదు. మీరు రాసిన జాబితా చూస్తే ఐదూ ఐదు రకాలు. ఒకదానికి సగం ఇస్తే అన్యాయం, ఇంకోదానికి సగం ఇస్తే మంచి ధరే.

ఈ గ్రేడ్ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 1 నుంచి 70 వరకు ఉండే ఈ కొలత 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా తొలి నాళ్ల పెద్ద రాగి సెంట్ల కోసం తయారుచేసింది. ఆయన దాన్ని ధరల లెక్కగానే ఊహించారు. బాగా అరిగిపోయిన నాణేనికి ఒక వంతు ధర ఉంటే, మచ్చ లేని నాణేనికి 70 వంతులు ఉంటుందన్నది ఆలోచన. ఆ ధరల లెక్క ఎన్నాళ్లో నిలవలేదు. అంకెలు మాత్రం ఉండిపోయాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు వచ్చి నాణేలను స్లాబ్‌లలో సీల్ చేయడం మొదలుపెట్టినప్పుడు ఆ అంకెలనే వాడుకున్నాయి. అందుకే ఇప్పటికీ చాలామంది 66 అంటే 65 కన్నా కాస్త ఎక్కువ ధర అనుకుంటారు. అలా కాదు. కొన్ని నాణేలకు 64కీ 65కీ మధ్య పెద్ద తేడా ఉండదు, అదే నాణెం 66 నుంచి 67కి వెళ్తే ధర ఐదారు రెట్లు కావచ్చు. ఎక్కడ గెంతు ఉంటుందో నాణేన్ని బట్టే తెలుస్తుంది.

ధర జోలికి వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి స్లాబ్ మీదా సర్టిఫికేట్ నంబర్ ఉంటుంది. ఆ కంపెనీ సైట్‌లోనో యాప్‌లోనో ఆ నంబర్ కొట్టి చూడండి. నంబర్ దొరికింది కదా అని అక్కడితో ఆగకండి. నకిలీ స్లాబ్‌లు చేసేవాళ్లు అసలైన నంబర్లనే కాపీ కొడతారు, కాబట్టి నంబర్ దొరకడం ఒక్కటే రుజువు కాదు. సంవత్సరం, మింట్ గుర్తు (ఎక్కడ ముద్రించారో చెప్పే అక్షరం, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో), గ్రేడ్ అన్నీ మీ లేబుల్‌తో సరిపోవాలి. అక్కడ ఫొటో ఉంటే ఇంకా మంచిది. మీ నాణెం మీది బొమ్మలో బుగ్గ దగ్గరో, గద్ద రెక్క మీదో ఉన్న చిన్న గీతను ఆ ఫొటోలో వెతకండి. గీతలు వేలిముద్రల్లాంటివి, ఏ రెండు నాణేలకూ ఒకేలా ఉండవు. మీ దగ్గర 1893-ఎస్ డాలర్ ఉందన్నారు కాబట్టి ఈ పని తప్పకుండా చేయండి. నకిలీలు ఎక్కువగా తిరిగే నాణేల్లో అది ఒకటి.

తర్వాత లేబుల్‌ని అక్షరం వదలకుండా చదవండి. చాలామంది అంకె వరకే చదివి ఆగిపోతారు. అంకె పక్కన ఉన్న చిన్న అక్షరాల మీదే సగం ధర ఆధారపడి ఉంటుంది. రాగి నాణేలకు ఆర్‌డీ అంటే మొదటి ఎర్రటి రంగు అలాగే ఉన్నది, ఆర్‌బీ అంటే ఎరుపు, గోధుమ కలిసినది, బీఎన్ అంటే పూర్తిగా గోధుమ రంగుకు తిరిగినది. మూడింటికీ గైడ్‌లో మూడు వేర్వేరు వరుసలుంటాయి, పొరపాటున పక్క వరుస చూస్తే లెక్క తారుమారైపోతుంది. డాలర్లకు పీఎల్, డీఎంపీఎల్ అని ఉంటే అద్దంలా మెరిసే ఉపరితలం అని. అంకె పక్కన ప్లస్ ఉంటే (ఇది 2010లో మొదలైంది) ఆ గ్రేడ్‌లో పైవరుస నాణెం. ఎన్‌జీసీ స్లాబ్ మీద నక్షత్రం ఉంటే చూపుకు ప్రత్యేకంగా అందంగా ఉన్న నాణెం. స్లాబ్ మీద ఆకుపచ్చ బీన్ గింజ ఆకారంలో స్టిక్కర్ ఉంటే అది సీఏసీ వాళ్లది. 2007 నుంచి వాళ్లు స్లాబ్‌లో ఉన్న నాణేన్ని మళ్లీ పరిశీలించి, ఆ గ్రేడ్‌కి గట్టిగా నిలుస్తుందనుకుంటే ఆ స్టిక్కర్ వేస్తున్నారు. బంగారు రంగు స్టిక్కర్ అయితే పై గ్రేడ్‌కి కూడా సరిపోతుందని అర్థం. స్టిక్కర్ ఉన్న నాణేన్ని స్టిక్కర్ లేని నాణెం ధరతో ఎప్పుడూ పోల్చవద్దు.

కంపెనీ పేరు కూడా ధరలో భాగమే. పీసీజీఎస్, ఎన్‌జీసీ స్లాబ్‌లను మార్కెట్ చాలావరకు అంకె మీద నమ్మకంతో కొంటుంది. ఏఎన్ఏసీఎస్, ఐసీజీ పాత పేర్లే, గౌరవముంది, కానీ కొనేవాళ్లు అంకెను ఇంకోసారి తరచి చూసి కాస్త తగ్గించి ఇస్తారు. ఎవరూ వినని పేరున్న స్లాబ్ అయితే ఆ అంకెను పక్కనపెట్టి నాణేన్ని విడిగా ఉన్నట్టే లెక్కగట్టాలి.

ఇక ప్రైస్ గైడ్‌ల సంగతి. గ్రేడింగ్ కంపెనీల సొంత గైడ్‌లు మామూలుగా రిటైల్ వైపు ఉంటాయి, అంటే ఒక సేకరణకర్త డీలర్ దగ్గర కొనేటప్పుడు ఇవ్వాల్సి రావచ్చనుకునే ధర. డీలర్లు వాళ్లలో వాళ్లు చూసుకునేది 1963 నుంచి వస్తున్న గ్రేషీట్ అనే ధరల పట్టిక. అది హోల్‌సేల్ వైపు. మీరు చూసిన గైడ్ మొదటి రకం, డీలర్ మనసులో ఉన్నది రెండోది. మీ ఇద్దరి మధ్య తేడాలో చాలా భాగం ఇక్కడే వచ్చింది. గైడ్‌లతో ఇంకో ఇబ్బంది ఏంటంటే, తరచుగా అమ్ముడయ్యే నాణేలకు అవి బాగానే ఉంటాయి, అరుదుగా చేతులు మారే నాణేలకు పాత అంకెలు అలాగే ఉండిపోతాయి. నేను గైడ్‌ని దారి చూపడానికి మాత్రమే వాడతాను. ఏ గ్రేడ్‌లో గెంతు ఉందో దాంట్లో వెంటనే కనిపిస్తుంది. అంతకుమించి దాన్ని నమ్మను.

నిజమైన పని వేలం రికార్డుల్లో ఉంది. హెరిటేజ్, స్టాక్స్ బవర్స్, గ్రేట్‌కలెక్షన్స్ లాంటి సంస్థల పాత అమ్మకాలు వాళ్ల సైట్లలో ఫొటోలతో సహా దొరుకుతాయి. పీసీజీఎస్ కూడా చాలా వేలాల ఫలితాలను నాణెం వారీగా ఒకచోట పెడుతుంది. మీ నాణెం, మీ గ్రేడ్, మీ కంపెనీ పెట్టి వెతకండి. గత ఏడాదిలో ఐదారు అమ్మకాలు దొరికితే అదృష్టం. అన్నిటికన్నా పైదీ, అన్నిటికన్నా కిందదీ తీసేసి మధ్యలో ఉన్నవి చూడండి. తర్వాత తీసేసిన ఆ రెంటి ఫొటోలు కూడా తెరిచి చూడండి. నేను నేర్చుకున్నదంతా ఆ ఫొటోల నుంచే. ఎక్కువకు పోయినదాని మీద ఇంద్రధనుస్సులా టోనింగ్ (కాలంతో లోహం మీద పట్టే రంగు) ఉండొచ్చు, సీఏసీ స్టిక్కర్ ఉండొచ్చు, 1990లలో పీసీజీఎస్ వాడిన లేత ఆకుపచ్చ లేబుల్ ఉండొచ్చు. ఆ కాలంలో గ్రేడింగ్ కఠినంగా ఉండేదని నమ్మేవాళ్లు ఆ లేబుల్‌కి అదనంగా ఇస్తారు. తక్కువకు పోయినదాని ముఖం మధ్యలో లోతైన గీతో, బురద రంగు మచ్చలో కనిపిస్తాయి. ఒకే అంకె ఉన్న రెండు నాణేలకు ధరలో ఇంత తేడా ఎందుకుందో అప్పుడు మీ కంటికే తెలుస్తుంది. మీ నాణెం ఆ వరుసలో ఎక్కడ నిలుస్తుందో నిజాయితీగా చూసుకోండి. పెదనాన్న గారి నాణెం అన్న ప్రేమ కంటికి అడ్డొస్తుంది, అది సహజం. అందుకే ఫొటోలు పక్కపక్కన పెట్టి, వీలైతే ఇంకొకరి చేత కూడా చూపించండి.

రికార్డులో కనిపించే అంకె ఏమిటో కూడా తెలియాలి. వేలంలో సుత్తి పడిన ధర, అంటే గెలిచిన చివరి పాట, 100 అనుకుందాం. కొన్నవాళ్లు దాని మీద బయ్యర్స్ ప్రీమియం కట్టాలి, అది 20 శాతం అనుకుంటే వాళ్లు ఇచ్చింది 120. రికార్డులో ఎక్కువగా కనిపించేది ఆ 120. అమ్మినవాళ్లకు అందేది ఆ 100, దానిలోంచి అమ్మకం కమీషన్ 10 పోతే 90. అంటే మీరు రికార్డులో 120 చూసి, 90 మాత్రమే ఇంటికి తెచ్చుకుంటారు. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. డీలర్ మీకు 80 ఇస్తానంటే దాన్ని 120తో కాదు, ఈ 90తో పోల్చాలి. పైగా వేలానికి నెలలు పడుతుంది, డీలర్ ఆ రోజే ఇస్తారు.

ఈబేలో వెతికితే అమ్మకానికి పెట్టిన ధరలు పట్టించుకోకండి, అవి కేవలం కోరికలు. అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టండి. అందులోనూ బెస్ట్ ఆఫర్ ఒప్పుకున్న వాటికి కొట్టేసినట్టు కనిపించే అంకె నిజంగా చేతులు మారిన ధర కాదు, అసలు ధర దానికన్నా తక్కువే ఉంటుంది.

పాపులేషన్ రిపోర్ట్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. ఒక్కో నాణేన్ని ఏ గ్రేడ్‌లో ఎన్ని స్లాబ్ చేశామో కంపెనీలు లెక్క ప్రకటిస్తాయి. ఎన్‌జీసీ వాళ్లు దాన్ని సెన్సస్ అంటారు. కొన్నేళ్ల కిందట నేనొక నాణేన్ని, ఆ గ్రేడ్‌లో రెండే ఉన్నాయి, పైన ఒక్కటీ లేదు అన్న ఒక్క కారణంతో పాత రికార్డులన్నిటికన్నా ఎక్కువ పెట్టి కొన్నాను. అది మామూలు నాణెం, కింది గ్రేడ్లలో వేలకు వేలు ఉన్నాయి. పై గ్రేడ్‌కి అంత ధర పలికిందని తెలియగానే దాచుకున్నవాళ్లందరూ తమ దగ్గర ఉన్న మంచివి గ్రేడింగ్‌కి పంపారు. మూడేళ్లలో రెండు కాస్తా పదకొండు అయ్యాయి. అమ్మేసరికి పెట్టినదాంట్లో మూడో వంతు కన్నా తక్కువ వచ్చింది. ఆ రెండు అన్న అంకె అప్పటివరకు ఎన్ని పంపారో చెప్పింది, ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో చెప్పలేదు. ఈ తేడా నాకు ఆ రోజు తెలియలేదు. లెక్క ఇంకో వైపుకీ తప్పుతుంది. పై గ్రేడ్ కోసం ఒకే నాణేన్ని స్లాబ్ పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపేవాళ్లుంటారు. పాత లేబుల్ వెనక్కి ఇవ్వకపోతే ఒక్క నాణెమే రిపోర్టులో మూడుగానో నాలుగుగానో కనిపిస్తుంది.

బయట ఇంకెన్ని ఉన్నాయో తెలియకపోవడం ఎంత పని చేస్తుందో మోర్గాన్ డాలర్లలోనే (రూపకర్త పేరుతో పిలిచే పాత వెండి డాలర్లు, మీ మూడు డాలర్లూ అవే) పెద్ద ఉదాహరణ ఉంది. 1903లో న్యూ ఆర్లీన్స్‌లో ముద్రించిన డాలర్‌ని ఒకప్పుడు ఆ సిరీస్‌లో దొరకని నాణెంగా చూసేవాళ్లు. 1962 చివర్లో అమెరికా ట్రెజరీ ఖజానా నుంచి వాటి సంచులు బయటికొచ్చాయి. ధర ఒక్కసారిగా కుప్పకూలింది.

ఇప్పుడు మీ ఐదు నాణేలు.

1881-ఎస్ మోర్గాన్, పీసీజీఎస్ ఎంఎస్ 65. ఎంఎస్ అంటే వాడకంలో అరగని నాణెం, 60 నుంచి 70 వరకు. ఇది కోటీ ఇరవై ఏడు లక్షలకు పైగా ముద్రించిన నాణెం, అందంగా ముద్రించినవి కూడా బోలెడు మిగిలాయి, 65లో గ్రేడ్ అయినవే పదుల వేలల్లో ఉన్నాయి. అరుదు కాదు, కానీ దీనికో సుగుణం ఉంది. ఎప్పుడు కావాలన్నా కొనేవాళ్లుంటారు, ధర గురించి వాదన ఉండదు. పది రికార్డులు తీస్తే పదీ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇలాంటిదానికి డీలర్ గైడ్‌లో సగం ఇస్తానంటే ఒప్పుకోకండి. ఇందులో 90 శాతం వెండి ఉంది కాబట్టి వెండి ధర బాగా మారినప్పుడు ఆరు నెలల కిందటి రికార్డు పనికిరాదు, గత నెల రోజులవే చూడండి.

1884-ఎస్, ఎన్‌జీసీ ఏయూ 58. ఏయూ అంటే కొద్దిగా మాత్రమే అరిగినది, 58 అందులో పై మెట్టు. మీ అయిదింటిలో నాకు బాగా ఆసక్తి కలిగించింది ఇదే. ముప్పై రెండు లక్షలు ముద్రించారు, అరిగినవి మామూలుగా దొరుకుతాయి. కానీ ఇవి దాదాపు అన్నీ వాడకంలోకి వెళ్లిపోయాయి, కొత్తగా మిగిలినవి అత్యంత అరుదు. అందుకే ఏయూ లోపల ఒక్కో మెట్టుకీ ధర పెరుగుతూ పోయి, 58 దాటి ఎంఎస్ లోకి అడుగుపెట్టగానే ఎన్నో రెట్లకు గెంతుతుంది. మీరు గైడ్‌లో ఏ గడి చూశారో మళ్లీ సరిచూసుకోండి. ఎంఎస్ 60 గడి చూసి ఉంటే మీ మొత్తం అంతా అక్కడే తప్పింది. అలాగని ఏయూ 53 రికార్డు, ఎంఎస్ 61 రికార్డు తీసుకుని సగటు వేయకండి. ఈ నాణేనికి 58 రికార్డులే కావాలి. గ్రేడ్ పెరుగుతుందేమోనని మళ్లీ పంపమని మీకు ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. ఈ నాణేన్ని 58గా తేల్చినవాళ్లకు ఆ గెంతు సంగతి బాగా తెలుసు, చాలా జాగ్రత్తగా చూసే ఉంటారు. స్లాబ్ మాత్రం పగలగొట్టకండి.

1909-ఎస్ వీడీబీ సెంట్, ఎంఎస్ 64 ఆర్‌బీ. నాణెం రూపకర్త విక్టర్ డేవిడ్ బ్రెనర్ పేరులోని అక్షరాలు అవి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 4,84,000 మాత్రమే ముద్రించారు. లింకన్ బొమ్మతో మొదటి సంవత్సరం కావడంతో జనం ముచ్చటపడి దాచుకున్నారు, అందుకే మంచి స్థితిలో ఉన్నవి కూడా తక్కువేం కాదు. దీని ధరను నిలబెట్టేది కోరుకునేవాళ్ల సంఖ్య. లింకన్ సెంట్లు సేకరించే ప్రతి ఒక్కరికీ ఇది కావాలి. ఆర్‌బీ వరుసే చూడండి. ఆర్‌బీలో కూడా తొంభై శాతం ఎరుపు మిగిలినదీ, పది శాతం మిగిలినదీ ఒకే అక్షరాల కింద ఉంటాయి, కొనేవాళ్లు ఆ తేడాకు డబ్బిస్తారు. రాగి కాబట్టి తేమ తగలని చోట పెట్టండి, స్లాబ్ గాలి చొరబడని పెట్టె కాదు.

సిల్వర్ ఈగిల్, ఎంఎస్ 70. అమెరికా ఇప్పుడు ముద్రించే వెండి నాణెం, ఔన్సు వెండి, ఇటీవలి సంవత్సరం, మచ్చలేనిది. ఈ కాలపు ముద్రణ అంత బాగుంటుంది కాబట్టి 70 రావడం పెద్ద విశేషం కాదు, వేలకు వేలు ఉన్నాయి. ముందుగా విడుదలైనదని లేబుల్ మీద రాసి ఉన్నా దానికి విడిగా విలువ కట్టకండి. వెండి ధర, దాని మీద కొంచెం, అంతే. దీనికి గైడ్‌లో సగం ఇస్తామన్నా ఆ సగం వెండి ధర కన్నా తక్కువ కాకుండా చూసుకోండి.

చివరిది 1893-ఎస్. లక్ష మాత్రమే ముద్రించారు, మామూలు వాడకానికి చేసిన మోర్గాన్లలో ఇదే అతి తక్కువ. కానీ మీ లేబుల్ మీద అంకె లేదు, వీఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్ అని ఉంది. అంటే అసలైనదే, ఓ మోస్తరుగా అరిగినది (వీఎఫ్), కానీ ఎప్పుడో ఎవరో తోమారు, అందుకే మామూలు గ్రేడ్ ఇవ్వలేదు. తోమితే ఉపరితలం మీది సహజమైన మెరుపు పోతుంది, అది తిరిగి రాదు. గైడ్‌లో మీరు చూసిన వీఎఫ్ ధర దీనికి వర్తించదు. ఇలాంటి వాటికి స్థిరమైన తగ్గింపు శాతమంటూ లేదు. ఎంత గట్టిగా తోమారన్నదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి డీటెయిల్స్ అని అమ్ముడైన 1893-ఎస్ రికార్డులే విడిగా తీసి ఫొటోలు చూడాలి. తోమినదైనా కోరుకునేవాళ్లు చాలామంది ఉన్న నాణెం ఇది. పైగా దీని విలువ వెండి ధరతో ఊగదు, ఏడాది కిందటి రికార్డు కూడా పనికొస్తుంది. ఐదింటిలో దీనికీ, 1884-ఎస్‌కీ మీరు ఎక్కువ సమయం పెట్టాలి.

ఐదింటికీ కలిపి ఒక్క అంకె అడగడం ఆపేయండి. డీలర్ దగ్గరికి మళ్లీ వెళ్లి నాణెం వారీగా ధర రాసివ్వమనండి. మంచి డీలర్ అయితే ఏమాత్రం నొచ్చుకోరు. ఇంకో ఇద్దరిని కూడా అలాగే అడగండి. 1881-ఎస్, ఈగిల్ ఎవరు దగ్గరగా ఇస్తే వాళ్లకే ఇచ్చేయొచ్చు, వాటిని వేలానికి పంపితే ఖర్చే ఎక్కువ. 1909-ఎస్‌కి రాసిచ్చిన ధర మీరు తీసిన వేలం రికార్డులోంచి ప్రీమియం, కమీషన్ పోగా మిగిలేదానికి దగ్గరగా ఉంటే ఇచ్చేయండి. 1884-ఎస్, 1893-ఎస్ మాత్రం తొందరపడి ఇవ్వకండి. రెండు వేలం సంస్థలకు ముందు వెనుక ఫొటోలు, సర్టిఫికేట్ నంబర్లు పంపి, అంచనా ఎంత, అమ్మితే కమీషన్ ఎంత అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ జవాబులు వచ్చేవరకు ఆ రెండు స్లాబ్‌లూ పెదనాన్న గారి బీరువాలో ఉన్నచోటే ఉండనివ్వండి.